అనాథ సంరక్షకునిపై ఫిర్యాదు: విచారణ పద్ధతుల చరిత్ర

ఉహుద్ యుద్ధం (హిజ్రీ 3, క్రీ.శ. 625) ముగిసేనాటికి మదీనా ముస్లిములలో సుమారు డెబ్బై మంది అమరులైనారు. చిన్న పట్టణానికి అది పెద్ద నష్టం. తండ్రులను పోగొట్టుకున్న పిల్లలు పినతండ్రుల ఇళ్ళకు, మేనమామల ఇళ్ళకు, తండ్రి స్నేహితుల ఇళ్ళకు చేరుకున్నారు. అన్నిసా సూరా ఆరంభంలో అనాథలను గురించి వచ్చిన ఆదేశాలకు ఈ నేపథ్యం ఉన్నదని వ్యాఖ్యాతలు చెబుతారు. అనాథల సొత్తును అన్యాయంగా తినేవారు తమ కడుపులను నిప్పుతో నింపుకుంటున్నారన్న తీవ్రమైన హెచ్చరిక (4:10) ఆ ఆదేశాలలోనిదే.

ఆ హెచ్చరిక విన్న సహాబీలు ఏం చేశారో హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (ర) చెప్పినట్లు అబూ దావూద్ తన సునన్‌లో నమోదు చేశారు. అనాథను ఇంట పెట్టుకున్న ప్రతివారూ ఆ బిడ్డ తిండిని తమ తిండి నుండి, ఆ బిడ్డ పానీయాన్ని తమ పానీయం నుండి వేరు చేశారు. బిడ్డ తినగా మిగిలినది ఇంకెవరూ ముట్టుకోకూడదు గనుక ఎత్తిపెట్టేవారు; మళ్ళీ ఆ బిడ్డే తినాలి, లేదా అది పాడైపోవాలి. ఒకే ఇంటిలో రెండు వంటలు, రెండు విస్తళ్ళు. అపరాధం అంటుకుంటుందేమోనన్న భయంతో మంచివారు సైతం బిడ్డను తమ పంక్తి నుండి లేవదీసి దూరంగా కూర్చోబెట్టారన్నమాట. ఈ కష్టాన్ని దైవప్రవక్త (స) సన్నిధిలో విన్నవించుకున్నప్పుడు అల్ బఖరా సూరాలోని 220వ వాక్యం అవతరించినది. అనాథల బాగును కోరి చేసే పని మంచిదనీ, వారితో కలసిమెలసి ఉంటే వారు మీ సోదరులేననీ, చెరుపు చేసేవాడెవడో మేలు చేసేవాడెవడో అల్లాహ్‌కు తెలుసుననీ ఆ వాక్య భావం. తిరిగి కుండలు కలిశాయి.

పదునాలుగు శతాబ్దాల తరువాత కూడా ఈ ఉదంతం పాతబడలేదు. పరుల బిడ్డను పెంచుకోవడానికి ముందుకు రమ్మని ఏ మధ్యతరగతి కుటుంబాన్నైనా అడిగితే మొదట వినిపించే మాట, రేపు ఏ నింద మోయవలసి వస్తుందోనని. మరోవైపు, నిజంగా బాధలు పడుతున్న బిడ్డ నోరు విప్పినప్పుడు బంధువులూ పెద్దలూ చెప్పే మాట, చేరదీసినవాని మీదనా ఇంత నింద అని. మొదటి భయం బిడ్డకు ఇల్లు లేకుండా చేస్తుంది. రెండవది ప్రాణం మీదికి తెస్తుంది. వీటిమధ్య విచారణ పద్ధతి ఎలా రూపొందినదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక పదాన్ని గురించి. అనాథ భారాన్ని వహించేవానిని అరబీలో కాఫిల్ అంటారు. తాను, అనాథ పోషకుడు స్వర్గంలో రెండు వేళ్ళంత చేరువగా ఉంటామని దైవప్రవక్త (స) సెలవిచ్చిన ప్రసిద్ధ హదీసులో వాడిన పదం అదే. ఇదే ధాతువు నుండి వచ్చిన కఫాలా ఫిఖ్హ్ గ్రంథాలలో జామీనుకు పేరు. అప్పుపడినవానికి పూచీ నిలిచేవాడూ కఫీలే. తెలుగులో ‘పెంపుడు’ అన్నప్పుడు ఈ పూచీ ధ్వనించదు. ఆ మాట కుక్కకూ చిలుకకూ కూడా చెల్లిపోతుంది. అనువాదకులు ‘సంరక్షకుడు’ అని సరిపెట్టుకున్నారు గాని, ఆ మాటలోనూ జవాబు చెప్పుకోవలసినవాడు అన్న అర్థం పూర్తిగా దిగలేదు.

పూచీ పడేవానికి అర్హత చూడాలన్న నియమం కూడా హదీసులలోనే ఉన్నది. హజ్రత్ అబూజర్ (ర) వంటి నిష్ఠాపరునికే దైవప్రవక్త (స), నీవు ఈ విషయంలో బలహీనుడవు, అనాథ ఆస్తి బాధ్యతను నెత్తిన వేసుకోవద్దని హితవు చెప్పినట్లు సహీహ్ ముస్లింలో ఉన్నది. అబూజర్ నిజాయితీని ఎవరూ శంకించలేదు. నిజాయితీ వేరు, నిర్వహణ వేరు అన్న ఎరుక అది. దానధర్మాలు చేసే పెద్దమనిషి గనుక పిల్లల వసతి గృహం అప్పగించవచ్చునని తలపోసే నేటి కమిటీలు ఈ ఒక్క హదీసును గుర్తుంచుకున్నా చాలా కీడు తప్పును.

అన్నిసా సూరా 6వ వాక్యంలో మూడు సంగతులున్నవి. అనాథలు యుక్తవయసుకు వచ్చేవరకు పరీక్షిస్తూ ఉండాలి. ధనికుడైన సంరక్షకుడు వారి సొత్తును ముట్టరాదు, పేదవాడైతే ధర్మసమ్మతంగా కొంత తీసుకోవచ్చును. సొత్తు అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోవాలి. ఖలీఫాగా ఉన్న హజ్రత్ ఉమర్ (ర), ప్రభుత్వ ఖజానా విషయంలో తన స్థానం అనాథ సంరక్షకుని స్థానం వంటిదేనని ప్రకటించుకోవడం చరిత్ర ప్రసిద్ధం. సాక్షుల విషయంలో మాత్రం ఇమాములు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చారు. పెరిగి పెద్దవాడైన అనాథ వచ్చి, నా సొత్తు నాకు ముట్టలేదని దావా వేశాడనుకోండి. ఇచ్చివేశానని సంరక్షకుడు అంటాడు, సాక్షులు లేరు. ఇమాం మాలిక్, ఇమాం షాఫిఈ దృష్టిలో సాక్ష్యం లేనిదే సంరక్షకుని మాట చెల్లదు. వాక్యంలో ఉన్నది ఆజ్ఞ. ఇమాం అబూ హనీఫా దృష్టిలో సంరక్షకుడు అమీన్, అనగా నమ్మకస్థుడు. ప్రమాణం చేసి చెబితే అతని మాట చెల్లుతుంది. సాక్షులను పెట్టుకొమ్మన్నది అనుమానానికి తావులేకుండా చేసుకోవడానికి ఇచ్చిన సలహా. హనఫీలు కూడా ఈ నమ్మకాన్ని హద్దులు లేకుండా ఇవ్వలేదు. బిడ్డ పోషణకు ఇంత ఖర్చయిందని సంరక్షకుడు చెప్పిన లెక్క ఆ స్థాయి బిడ్డకు మామూలుగా అయ్యే ఖర్చుతో పొసగాలి. పైకి కనబడే స్థితి అతని మాటను కాదంటుంటే వట్టి ప్రమాణం సరిపోదు.

భారతదేశంలో ఈ విషయంపై అత్యధికంగా ప్రమాణమైన గ్రంథం హిదాయా. దాని కర్త బుర్హానుద్దీన్ మర్గీనానీ క్రీ.శ. 1197లో మరణించారు. వారన్ హేస్టింగ్స్ ప్రోద్బలంతో చార్లెస్ హామిల్టన్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1791లో వెలువడినది. అది కూడా అరబీ మూలం నుండి గాక పారశీక అనువాదం నుండి చేసినది. కంపెనీ కోర్టులలో తెల్లదొరలు రెండు చేతులు మారిన ఈ పాఠాన్ని ముందు పెట్టుకుని తీర్పులు చెప్పారన్నది వేరే కథ. హిదాయాలోని వసీయతుల అధ్యాయం చివర, వసీపై వచ్చే ఫిర్యాదును ఖాజీ ఎలా తీసుకోవాలో స్పష్టంగా ఉన్నది. వసీ అంటే మరణించిన తండ్రి తన బిడ్డలకు, ఆస్తికి నియమించిపోయినవాడు. దుర్మార్గుడని తెలిసినవాడు వసీగా ఉంటే ఖాజీ అతనిని తొలగించి వేరొకరిని నియమించాలి. వసీ మంచివాడే గాని చేతగానివాడైతే తొలగించనక్కరలేదు, మరొకనిని జతచేయాలి. వసీయే వచ్చి, ఈ భారం నా వల్ల కాదని మొరపెట్టుకుంటే ఖాజీ వెంటనే నమ్మరాదు. తప్పించుకోవడానికి అలా అంటున్నాడేమో విచారించాలి. ఇక వారసులందరూ గాని కొందరు గాని వసీపై ఫిర్యాదు చేస్తే, అతని ద్రోహం బయటపడేవరకు ఖాజీ అతనిని తొలగించడం తగదు. తండ్రి ఏరికోరి పెట్టుకున్నవాడు గనుక, అప్పటికి అతనికంటె ఆ బిడ్డలకు దగ్గరివాడు ఇంకొకడు లేడన్నది దీనికి చెప్పిన హేతువు.

తొలగింపుకూ ఉపేక్షకూ నడుమ మరొకనిని జతచేయడమన్న దారి ఒకటి ఉన్నదని గుర్తించడం ఇందులోని విశేషం. నేటి చట్టాలలో ఈ మధ్యదారి బాగా సన్నగిలిపోయినది. అయితే హిదాయా పద్ధతిలోని లోపాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. ఆ నియమాలన్నీ ప్రధానంగా ఆస్తిని గురించినవి. పొలం అమ్ముకున్నాడా, నగలు తాకట్టు పెట్టాడా అన్న విచారణకు నెలలు పట్టినా పొలం అక్కడే ఉంటుంది. ద్రోహం బయటపడేవరకు ఆగుమన్న సూత్రాన్ని, ఈ రాత్రి దెబ్బలు తింటున్న బిడ్డ విషయంలో వర్తింపజేస్తే రేపటికి బిడ్డ ఉండకపోవచ్చును. శరీరానికి జరిగే హాని గురించి పూర్వ ఫుఖహాలు మాట్లాడిన చోటు వేరు: అది హిజానత్ అధ్యాయం, అంటే పసిబిడ్డ పెంపకపు హక్కు. అక్కడ పెంచేవారు నమ్మదగినవారై ఉండాలన్నది షరతు. బిడ్డ ఆలనాపాలనా గాలికి పోయే పరిస్థితి ఉంటే ఆ హక్కు పోతుంది. డమాస్కస్ విద్వాంసుడు ఇబ్ను ఆబిదీన్ (మరణం 1836) రద్దుల్ ముహ్తార్‌లో ఈ సందర్భంలో చేసిన వ్యాఖ్య చదివితే ఆయన ఎన్ని సంసారాలు దగ్గరగా చూశారో అనిపిస్తుంది. ముఫ్తీ అయినవాడు కళ్ళు తెరచి బిడ్డ మేలు చూడాలి; వరుసకు దగ్గరివాడే బిడ్డ చావు కోరుకుంటూ ఉండవచ్చును, తల్లి రెండవ భర్త ఆ బిడ్డపై ప్రాణం పెట్టుకుని ఉండవచ్చును అని ఆయన భావం. సవతి తండ్రి ఇంటికి పోతే తల్లికి హిజానత్ పోతుందన్న సాధారణ నియమాన్ని ఎరిగినవాడే ఈ మాట అన్నాడు.

పెంపుడింటిలో పుట్టిన నింద, దానిపై జరిగిన విచారణ దివ్య ఖుర్‌ఆన్‌లోనే ఒకచోట ఉన్నది. యూసుఫ్ సూరా అనగానే అందరూ సౌందర్యాన్ని గురించి మాట్లాడుతారు గనుక ఇది మరుగున పడిపోతుంది. హజ్రత్ యూసుఫ్ (అ)ను కొనుక్కున్న ఈజిప్టు అధికారి, ఇతనిని గౌరవంగా చూడు, కొడుకుగా చేసుకుందామేమో అని భార్యతో అంటాడు (12:21). అదే ఇంటిలో తరువాత నింద పుట్టినది. ఇక్కడ నింద మోసినవాడు పెరిగినవాడు, వేసినది పెంచిన ఇల్లాలు. ఆమె బంధువులలోని ఒక వ్యక్తి చెప్పిన మార్గం గమనార్హం: ఎవరి మాట నమ్మాలన్న వాదం వద్దు, చొక్కా ముందు చినిగిందా వెనుక చినిగిందా చూడండి. చొక్కా వెనుకనే చినిగినది. నిజం తేలినది. అయినా, ఆ గుర్తులన్నీ చూసిన తరువాత కూడా, కొంతకాలం అతనిని ఖైదులో పెట్టడమే మేలని ఆ పెద్దలు నిశ్చయించుకున్నారు (12:35). రుజువు దొరకడంతో న్యాయం జరిగిపోతుందనుకునేవారు ఈ వాక్యం దగ్గర ఆగి ఆలోచించాలి. ఇంటి పరువు కాపాడటానికి బలహీనుని బలిపెట్టడం ఫిరఔనుల కాలంతో ముగిసిపోలేదు.

పసివారి మాటకు ఎంత విలువ ఇవ్వాలన్నది మరొక చిక్కు. ఫుఖహాలలో అధిక సంఖ్యాకులు మైనరు సాక్ష్యాన్ని అంగీకరించలేదు. ఇమాం మాలిక్ మాత్రం పిల్లలు ఒకరినొకరు గాయపరచుకున్న సందర్భాలలో వారి సాక్ష్యం చెల్లుతుందన్నారు. అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (ర) అలా తీర్పు చెప్పేవారని ముఅత్తాలో ఉన్నది. ఒక షరతు: పిల్లలు అక్కడి నుండి చెదరిపోకముందే, పెద్దలు వారికి మాటలు నేర్పకముందే వాంగ్మూలం తీసుకోవాలి. నేడు పిల్లల వాంగ్మూలం నమోదు చేసే అధికారులకు శిక్షణలో చెప్పే మొదటి జాగ్రత్త ఇదే. ఇక కొందరు మతపెద్దలు అరకొర జ్ఞానంతో, బిడ్డ చేసే లైంగిక ఫిర్యాదుకు నలుగురు సాక్షులు కావాలనీ, లేకుంటే అది ఖజఫ్ అనీ అంటుంటారు. ఇది పొరపాటు. నలుగురు సాక్షుల నియమం (24:4) శీలవంతులపై వ్యభిచారపు నింద వేసేవారి నోళ్ళు మూయించడానికి వచ్చినది. షరీఅత్ బాధ్యతలు ఇంకా నెత్తిన పడని బిడ్డపై ఖజఫ్ శిక్ష ఉండదని ఏ ఫిఖ్హ్ పాఠశాల అయినా చెబుతుంది. తనకు జరిగిన హింసను చెప్పుకునే బిడ్డ నింద వేస్తున్నది కాదు, రక్షణ అడుగుతున్నది.

ఆంగ్లేయుల కాలంలో 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఖాజీ అధికారాలను జిల్లా జడ్జీకి అప్పగించినది. కోర్టు నియమించిన సంరక్షకుడు పూచీకత్తు ఇవ్వవలసి రావచ్చును, ఆస్తి జాబితా, లెక్కలు దాఖలు చేయవలసి రావచ్చును. 39వ సెక్షనులో తొలగింపుకు కారణాలు చెప్పారు: నమ్మకద్రోహం, విధులలో ఎడతెగని వైఫల్యం, అసమర్థత, బిడ్డను హింసించడం లేదా సరిగా చూడకపోవడం, కోర్టు ఆజ్ఞలను ధిక్కరించడం మొదలైనవి. హిదాయాలో విడిగా కనిపించే ద్రోహం, చేతగానితనం ఇక్కడ ఒకే జాబితాలోకి వచ్చినవి. హింస అన్నమాట స్పష్టంగా చేరినది. ఇది ముందడుగే. కాని జతచేయడమన్న మధ్యదారి ఈ సెక్షనులో లేదు. 1918లో ప్రీవీ కౌన్సిల్ ఇమామ్‌బందీ కేసులో తీర్పు చెప్పినది. జస్టిస్ సయ్యద్ అమీర్ అలీ వ్రాసిన ఆ తీర్పు ప్రకారం, బిడ్డను నిజంగా చూసుకుంటున్నంత మాత్రాన ఎవరికీ ఆ బిడ్డ స్థిరాస్తిని అమ్మే అధికారం రాదు, తల్లికైనా సరే. ఆనాడు దీనిపై విమర్శలు వచ్చినవి గాని, చేరదీయడం ఒక సంగతి, అధికారం మరొక సంగతి అని ఇంత తేటగా చెప్పిన తీర్పు మరొకటి అరుదు.

హైదరాబాదు రాజ్యం సంగతి వేరు. నగరానికి ఉత్తరాన ఉన్న మేడ్చల్ ప్రాంతం అత్రాఫె బల్దా జిల్లాలో, అనగా నిజాం స్వంత సర్ఫె ఖాస్ ఇలాకాలో ఉండేది. సర్ఫె ఖాస్ 1949లో దివానీలో విలీనమైనది. 1951లో కేంద్ర చట్టాలను ‘బి’ తరగతి రాష్ట్రాలకు విస్తరించినప్పుడు సంరక్షకుల చట్టం కూడా ఇక్కడికి వచ్చినది. అయితే పల్లెలలో అనాథల వ్యవహారం ఏ చట్టం గడపా తొక్కేది కాదు. తండ్రి పోతే బిడ్డ పెదనాన్న ఇంటికి. కష్టం వస్తే మసీదు ముతవల్లీ దగ్గరకు, లేదా పటేల్ పట్వారీల దగ్గరకు. నోటిమాటతో ఏర్పడిన సంరక్షణలో విచారణ కూడా నోటిమాటతోనే ముగిసేది.

ఈ విషయంలో పాశ్చాత్యులు మొదటినుండీ మేలన్న భ్రమ కొందరికున్నది. అది సరికాదు. 1945 జనవరిలో ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో ఒక పొలంలోని పెంపుడింట పన్నెండేళ్ళ డెన్నిస్ ఓ నీల్ దెబ్బలతో, ఆకలితో మరణించాడు. అతనిని అక్కడ ఉంచినది వేల్స్‌లోని న్యూపోర్ట్ కౌన్సిలు. పర్యవేక్షణ ఎవరి బాధ్యత అన్నది రెండు పాలనల మధ్య జారిపోయినది. సర్ వాల్టర్ మాంక్టన్ విచారణ, 1946లో కర్టిస్ కమిటీ నివేదిక, 1948లో బాలల చట్టం అన్నీ ఈ సందర్భంలో వచ్చినవే. 1973లో బ్రైటన్ పట్టణంలో జరిగినది దీనికి తలకిందులైన కథ. మరియా కోల్‌వెల్ అన్న ఏడేళ్ళ బాలిక సంవత్సరాల తరబడి మేనత్త దగ్గర పెంపకంలో క్షేమంగా ఉన్నది. కన్నతల్లి దగ్గరకు తిరిగి పంపిన తరువాత సవతి తండ్రి చేతిలో మరణించినది. ఇరుగుపొరుగువారు, బడి ఉపాధ్యాయులు ముందే హెచ్చరించారు. ఆ హెచ్చరికలు ఒకచోట చేరలేదని 1974లో విచారణ సంఘం తేల్చినది. రక్తసంబంధం తనంతట తాను రక్షణ కాదన్న ఇబ్ను ఆబిదీన్ మాట ఇక్కడ గుర్తుకు రాక మానదు.

స్వతంత్ర భారతంలో చాలాకాలం పెంపుడు సంరక్షణకు ప్రత్యేకమైన చట్టబద్ధత సన్నగానే ఉండేది. అనాథ అనగానే వసతి గృహం, యతీంఖానా. 2014 ఫిబ్రవరి 19న షబ్నమ్ హాష్మీ కేసులో సుప్రీంకోర్టు, జువెనైల్ జస్టిస్ చట్టం క్రింద ఏ మతస్థులైనా దత్తత తీసుకోవచ్చునని, వ్యక్తిగత చట్టాన్ని పాటించదలచినవారిపై బలవంతం లేదని చెప్పినది. కన్న తండ్రి పేరు చెరిపివేయరాదన్న అల్ అహ్జాబ్ సూరా ఆదేశాన్ని (33:5) పాటించేవారికి దత్తతకంటె పెంపుడు సంరక్షణ సహజంగా సరిపోతుంది. బిడ్డ పేరు, వంశం మారకుండా కఫాలా నెరవేరుతుంది. 2016 జనవరి 15 నుండి అమలులోకి వచ్చిన 2015 నాటి కొత్త చట్టంలోని 44వ సెక్షను దీనికి ఆధారం. బాలల సంక్షేమ కమిటీ బిడ్డను పెంపుడు కుటుంబానికి అప్పగిస్తుంది, నెలనెలా తనిఖీ జరపాలి. కుటుంబం సరిగా చూడడం లేదని తేలితే బిడ్డను వేరొక కుటుంబానికి మార్చాలి. కమిటీ ఉత్తర్వులపై మామూలుగా అప్పీలు బాలల కోర్టుకు పోతుంది. పెంపుడు సంరక్షణ ఉత్తర్వులపై మాత్రం 101వ సెక్షను ప్రకారం జిల్లా మేజిస్ట్రేటుకు, అనగా కలెక్టరుకు చేసుకోవాలి. గడువు ముప్పై రోజులు. సంరక్షకుడు తప్పు చేశాడా అన్న ప్రశ్నకు తుది జవాబు న్యాయాధికారి నుండి గాక పాలనాధికారి నుండి రావడం ఆలోచించవలసిన సంగతి.

నేరారోపణ అయితే దారి వేరు. 2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టం, బిడ్డపై లైంగిక నేరం చేసినవాడు సంరక్షకుడో పెంపుడు సంబంధం గలవాడో అయితే దానిని మరింత తీవ్రమైన నేరంగా పరిగణిస్తుంది. ఐదవ సెక్షనులో పెంపుడు సంరక్షణ అన్నమాట పేరుపెట్టి ఉన్నది. 2019 సవరణ తరువాత ఈ తరగతి నేరాలలో తీవ్రమైన వాటికి కనీస శిక్ష ఇరవై ఏళ్ళు. నేరం సంగతి తెలిసినవారు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు మాసాల వరకు, సంస్థను నడిపే బాధ్యుడు తన క్రింది ఉద్యోగి నేరాన్ని దాచితే ఏడాది వరకు శిక్ష. ఇరవై నాలుగు గంటలలో పోలీసులు కమిటీకి తెలియజేయాలి. బిడ్డ వాంగ్మూలం ఇంటి వద్దనో, బిడ్డ కోరిన చోటనో, వీలైనంతవరకు మహిళా అధికారి, యూనిఫారం లేకుండా తీసుకోవాలి. 29వ సెక్షను ప్రకారం కొన్ని నేరాలలో నిందితుడే తన నిర్దోషిత్వాన్ని రుజువు చేసుకోవాలి. అయితే మూల వాస్తవాలను ముందు ప్రాసిక్యూషన్ నిలబెట్టాలని హైకోర్టులు చెబుతూ వచ్చినవి. దావా వేసినవానిదే రుజువు భారమన్న షరీఅత్ సూత్రానికి ఇది విరుద్ధమని కొందరు ఉలేమాలు శంకిస్తారు. పైకి కనిపించే స్థితి కాదంటుంటే అమీన్ మాట కూడా చెల్లదన్న హనఫీ నియమాన్ని పైన చూశాం. ఆ నియమం ఆస్తికి వర్తించి, బిడ్డ ఒంటిమీది మచ్చకు వర్తించకూడదనడానికి హేతువు కనబడదు. మరొక వైపు, పగతో తప్పుడు ఫిర్యాదు చేసినవారికి 22వ సెక్షనులో శిక్ష ఉన్నది. చేసినది బిడ్డ అయితే శిక్ష లేదు.

చట్టం ఇంత ఉన్నా ఆచరణ ఎలా ఉన్నదో 2020 ఆగస్టులో అమీన్‌పూర్ చూపించినది. ఆ ఊరిలోని ఒక ప్రైవేటు అనాథాశ్రమంలో పెరుగుతున్న బాలిక లాక్‌డౌన్ రోజులలో బంధువుల ఇంటికి వచ్చిన తరువాత గాని సంగతి బయటపడలేదు. బోయిన్‌పల్లి పోలీసులు జీరో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి అమీన్‌పూర్‌కు పంపారు, అరెస్టులు జరిగినవి. బాలిక నీలోఫర్ ఆసుపత్రిలో కన్నుమూసినది. ఏ ఇంటిలో రక్షణ ఉంటుందనుకున్నారో ఆ ఇంటిలో ఆ బాలిక మాట వినే మనిషి లేడు. పిల్లల సంస్థలన్నీ 2017 చివరిలోగా రిజిస్టరు కావాలని, సోషల్ ఆడిట్ జరపాలని సుప్రీంకోర్టు 2017 మే 5నే ఆదేశించినది. బీహారులోని ముజఫర్‌పూర్ ఘోరాన్ని 2018లో బయటపెట్టినది కూడా పోలీసులు కారు, తనిఖీ అధికారులు కారు. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ బృందం చేసిన ఆడిట్. వారు చేసినది పెద్ద విద్య ఏమీ కాదు. నిర్వాహకులను పక్కన పెట్టి పిల్లలతో మాట్లాడారు. 2020 జనవరిలో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా నిర్ణయించినది.

అమీన్‌పూర్‌కు ఎంతో దూరం లేని బౌరంపేటనే తీసుకోండి. దుండిగల్ వైమానిక దళ అకాడమీకి చేరువలోని ఈ ఊరు ఒకప్పుడు పొలాల పల్లె. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక కాలనీలు లేచినవి, ఎక్కడెక్కడి నుండో వచ్చిన కుటుంబాలు పక్కపక్కన ఉంటున్నవి. పాత పల్లెలో అయితే ఏ ఇంట ఏ బిడ్డ ఏడ్చినా వీధికంతా తెలిసేది. అపార్టుమెంటు తలుపు మూసుకుంటే తెలియదు. ఇక్కడ ఒక ఇంటిలో పెరుగుతున్న అనాథ విషయంలో అనుమానం వస్తే నడవవలసిన దారి ఇది: 1098కి గాని దగ్గరి పోలీసు స్టేషనుకు గాని చెప్పవచ్చును, పరిధి తమది కాదని ఏ స్టేషనూ త్రిప్పి పంపరాదు, 2024 జులై 1 నుండి అమలులో ఉన్న నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షను ఆ సంగతి స్పష్టం చేస్తున్నది. విషయం మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందుకు పోతుంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఇంటిని చూసి నివేదిక ఇస్తుంది. కమిటీ ద్వారా అప్పగించిన బిడ్డ అయితే దస్త్రం ఉంటుంది, తనిఖీ తేదీలుంటాయి. సంరక్షకుడు నిర్దోషి అయితే ఆ కాగితాలే అతని తరపున మాట్లాడుతాయి. ఖుర్‌ఆన్ సాక్షులను పెట్టుకొమ్మన్నది ఇందుకేనని హనఫీ పండితులు చెప్పనే చెప్పారు. నోటిమాటగా చేరదీసిన బిడ్డ అయితే దస్త్రం లేదు, తేదీ లేదు. బిడ్డ తరపున చూసేవాడూ లేడు, సంరక్షకుని తరపున చెప్పేవాడూ లేడు.

మన కుటుంబాలలో పెరుగుతున్న మేనల్లుళ్ళు, తమ్ముని బిడ్డలు ఇటువంటివారే. తండ్రి గల్ఫులో ప్రమాదంలో పోయినా, తల్లి మరొక ఇంటికి పోయినా బిడ్డ మేనమామ ఇంట చేరుతుంది. ఎవరూ ఏ ఆఫీసుకూ వెళ్ళరు. వెళ్ళడం అవమానమనుకుంటారు. మహల్లా కమిటీలు, యతీంఖానాల పెద్దలు చేయగలిగిన పని ఇక్కడ ఒకటి ఉన్నది, ఇది హిదాయా నేర్పిన పనే: సంరక్షకునికి మరొకనిని జతచేయడం. బిడ్డ చేరిన రోజునే మరొక బంధువునో బడి ఉపాధ్యాయురాలినో నియమించి, నెలకొకసారి ఆ బిడ్డతో ఒంటరిగా కాసేపు మాట్లాడి రమ్మనడం. బిడ్డ తండ్రి విడిచిన సొత్తు, బీమా డబ్బు, పరిహారం ఉంటే ఇద్దరు సాక్షుల ఎదుట జాబితా వ్రాయించి, ఒక ప్రతి సంరక్షకుని దగ్గర, ఒక ప్రతి బిడ్డ తల్లి తరపువారి దగ్గర ఉంచడం. అనుమానం దెబ్బలకో లైంగిక హింసకో సంబంధించినదైతే మహల్లా కమిటీకి విచారించే అధికారం లేదు. నిఖా చేసి సర్దుబాటు చేసే అధికారం అసలే లేదు. ఆ రోజు బిడ్డను ఆ ఇంటి నుండి బయటకు తెచ్చి కమిటీకి, పోలీసులకు అప్పగించాలి, సంరక్షకుడు కమిటీ అధ్యక్షుని సొంత తమ్ముడే అయినా సరే. అన్నిసా సూరా 135వ వాక్యం తల్లిదండ్రులకు, దగ్గరి బంధువులకు వ్యతిరేకంగానైనా సాక్ష్యం చెప్పమన్నది; అనాథలను గురించిన ఆదేశాలున్నది కూడా ఆ సూరాలోనే.